కంచం దాకా వెళ్ళని సైకియాట్రీ చదువు

అమెరికాలో సైకియాట్రిస్టు కావాలంటే వైద్య డిగ్రీ తర్వాత నాలుగేళ్ళ రెసిడెన్సీ చెయ్యాలి. ఆ నాలుగేళ్ళలో దేనికెన్ని నెలలన్నది శిక్షణకు గుర్తింపునిచ్చే సంస్థ చాలాకాలంగా లెక్కగట్టి పెట్టింది. ప్రాథమిక వైద్యం 4 నెలలు, న్యూరాలజీ 2, వార్డు 6, అవుట్ పేషెంట్ ఏడాది, పిల్లల సైకియాట్రీ 2, వేరే వార్డుల నుంచి పిలుపొస్తే వెళ్ళి చూసే కన్సల్టేషన్ 2, వృద్ధుల విభాగం 1, వ్యసనాలు 1. ఇందులో తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బులైన ఈటింగ్ డిజార్డర్లకంటూ ఒక్క వారం కూడా లేదు. పిల్లల విభాగంలోనో వార్డులోనో అలాంటి రోగి తారసపడితే కుర్ర డాక్టరు నేర్చుకుంటాడు. తారసపడకపోతే నేర్చుకోకుండానే బోర్డు పరీక్ష పాసై బయటికొస్తాడు.

ఎంతమందికి తారసపడుతుందో 2015లో వెలువడిన ఒక దేశవ్యాప్త సర్వేలో తేలింది. సైకియాట్రీ, పిల్లల సైకియాట్రీ, పీడియాట్రిక్స్, ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్ శిక్షణా కేంద్రాల్లో 637 జవాబిచ్చాయి. వాటిలో 514 కేంద్రాల్లో ఈ జబ్బుల మీద తప్పనిసరి రొటేషన్ గానీ, ఇష్టమైతే ఎంచుకునే రొటేషన్ గానీ లేనేలేదు. ఉన్నాయన్న 123లోనూ నికరంగా షెడ్యూలు వేసి పంపేవి 42. ఇదేమన్నా చిన్నాచితకా జబ్బా అంటే కాదు. పాత అధ్యయనాలన్నీ కూడి 2011లో లెక్కతీస్తే, ఈ జబ్బుల్లో ఒకటైన, తిండి తగ్గించుకుంటూ పోయే అనొరెక్సియా ఉన్నవాళ్ళ మరణాలు అదే వయసు మామూలు జనంలో ఉండే మరణాలకు దాదాపు ఆరు రెట్లు తేలాయి. చనిపోయిన ప్రతి ఐదుగురిలో ఒకరిది ఆత్మహత్య. సైకియాట్రీ పుస్తకంలో ప్రాణాలు తీసే జబ్బుల వరసలో ముందుండేది శిక్షణ పట్టికలో మాత్రం కనపడదు.

చట్టం దృష్టికి ఈ సంగతి రాకపోలేదు. మిన్నెసోటాకు చెందిన అన్నా వెస్టిన్ 2000లో 21 ఏళ్ళ వయసులో అనొరెక్సియాతో పోరాడి ఆత్మహత్య చేసుకుంది. ఆమె పేరు మీద తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి తిరిగి సాధించిన అంశాలు 2016 డిసెంబరులో వచ్చిన 21వ శతాబ్ది క్యూర్స్ చట్టంలో చేరాయి. వైద్యులకు ఈ జబ్బులను పసిగట్టే శిక్షణ ఇప్పించాలన్నది వాటిలో ఒకటి. 2018లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఈ జబ్బుల కోసం ఒక జాతీయ కేంద్రం కూడా వచ్చింది. అయినా శిక్షణ ఇప్పించే ఏర్పాటు ఉండటం వేరు, అది లేనిదే రెసిడెన్సీ పూర్తికాదనటం వేరు. రెండోది ఇంకా రాలేదు.

ఇక న్యూజెర్సీలో మన తెలుగువాళ్ళు ఎక్కువగా కనపడే ఎడిసన్ సంగతి. 2020 జనగణనలో లక్షా ఏడు వేల పైచిలుకు జనం, అందులో దాదాపు సగం ఆసియా సంతతి. ఓక్ ట్రీ రోడ్డు మీద శనివారం సాయంత్రం నడిస్తే స్వీట్ల దుకాణం, నగల దుకాణం, బిర్యానీ పాయింటు, గుడి అన్నీ పక్కపక్కనే. తెలుగు వినపడని నిమిషం ఉండదు. ఊళ్ళోనే జేఎఫ్‌కే పెద్దాసుపత్రి ఉంది. పక్కనే ఉన్న పిస్కాటవేలో రట్గర్స్ వారి మానసిక వైద్య సేవలు, రాబర్ట్ వుడ్ జాన్సన్ వైద్య కళాశాల వారి సైకియాట్రీ శిక్షణ ఉన్నాయి. కారెక్కితే అరగంటలో చేరే సోమర్‌విల్‌లో, అదే రాబర్ట్ వుడ్ జాన్సన్ పేరున్న సోమర్‌సెట్ ఆసుపత్రిలో, ఈటింగ్ డిజార్డర్లకు ప్రత్యేక విభాగం నడుస్తోంది. ప్లెయిన్స్‌బరోలో ప్రిన్స్‌టన్ ఆసుపత్రి వారి కేంద్రానికీ ఏళ్ళ తరబడి పేరుంది. అంటే రోగి ఉంది, నేర్చుకోవలసిన డాక్టరు ఉన్నాడు, నేర్పగల వార్డూ ఉంది. ఈ మూడూ ఇంత దగ్గరగా ఉన్న చోట్లు అమెరికాలోనూ ఎక్కువ ఉండవు. అందుకే సమస్యంతా పాఠం గంటలు తక్కువై వచ్చిందన్న వాదన నాకు పూర్తిగా మింగుడుపడదు. గంటలు తక్కువన్నది నిజమే. ఆ ఉన్న గంటల్లో నేర్పే రోగి బొమ్మ ఎడిసన్‌కు పనికిరాదన్నది అంతకంటే పెద్ద నిజం.

శిక్షణలో వాడే తరహా కేసు ఒకటి అల్లి చూద్దాం. పదిహేనేళ్ళ తెలుగమ్మాయి. చదువులో ముందుంటుంది. కూచిపూడి క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయిందని రాత్రి తొమ్మిదికి ఎమర్జెన్సీకి తెచ్చారు. అప్పటికే పిల్లల డాక్టరు, ఆ తర్వాత జీర్ణకోశం స్పెషలిస్టు చూసేశారు. ఎండోస్కోపీలో ఏమీ లేదు. అమ్మ చెప్పేది: "ఏం తిన్నా అరగట్లేదంటుంది. గ్యాస్. కొంచెం తినగానే కడుపుబ్బరం. ఆర్నెల్లలో బాగా చిక్కిపోయింది. మా అత్తగారు దిష్టి తగిలిందంటారు." డ్యూటీలో ఉన్న రెసిడెంటు రెండో ఏడాది కుర్రాడు. పుస్తకంలో ఉన్నట్టే అడుగుతాడు. లావవుతానని భయమా? లేదు. అద్దంలో చూసుకుంటే లావుగా కనిపిస్తావా? లేదు. వాంతి చేసుకుంటావా? ఛీ, లేదు. నిద్ర సరిగ్గా పట్టదు, దేనిమీదా ఆసక్తి లేదు, స్నేహితులతో మాటల్లేవు. రక్తపరీక్షలన్నీ నార్మల్. కుర్రాడు డిప్రెషన్ అని రాసి, వారం తర్వాత క్లినిక్‌కు రమ్మంటాడు.

అతను అబద్ధం రాయలేదు. పస్తులున్న మెదడు అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. 1944-45లో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆర్నెల్లపాటు అర్ధాకలి పెడితే, వాళ్ళూ దిగులుపడ్డారు, చిరాకుపడ్డారు, మనుషులకు దూరమయ్యారు, ఇరవైనాలుగు గంటలూ తిండి గురించే ఆలోచించారు. కనుక తిండి లెక్క తేలకుండా డిప్రెషన్ అని ముద్ర వెయ్యకూడదని నేర్పాలి. ఆ లెక్క తేల్చేందుకు లావు, భయం అన్న మాటలతో అసలు పనిలేదు. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం తిన్నావో వరసగా చెప్పు. ఇంట్లో వడ్డించేదెవరు? అందరూ కలిసి తింటారా, నీ కంచం గదిలోకి తీసుకెళ్తావా? స్కూలుకి పట్టుకెళ్ళిన లంచ్ బాక్స్ ఏమవుతుంది? అన్నం మానేసి ఎన్నాళ్ళయింది, పెరుగు మానేసి ఎన్నాళ్ళు, నూనె మానేసి ఎన్నాళ్ళు? నీకోసం అమ్మ వేరే వండుతోందా? ఆ బాక్సు దగ్గర అమ్మా కూతురూ ఒకరినొకరు చూసుకుంటే సగం కేసు అక్కడే తేలినట్టు.

ఆ తర్వాత ఉపవాసాలు. అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. కూతురు తనూ ఉంటానంటే ఇంట్లో అందరూ మురిసిపోయారు. అమెరికాలో పుట్టిన పిల్ల, ఎంత భక్తి! తర్వాత సోమవారం కలిసింది. కార్తీకమాసం వెళ్ళిపోయినా కార్తీక నియమాలు వెళ్ళలేదు. ఇక్కడ కుర్ర డాక్టరు రెండు పక్కలకూ తూలగలడు. ఉపవాసమంటే మతాచారం, మనం వేలు పెట్టకూడదని వదిలేస్తే ఒక తప్పు. ఉపవాసమన్నదల్లా జబ్బేనని రాస్తే ఇంకో తప్పు. ఆ వంటింటి సంగతులు తెలిసినవాళ్ళు వేసే ప్రశ్నలు వేరు. ఒక్కపొద్దు విడిచాక రాత్రి ఏం తింటావు? ఫలహారం చేస్తావా? గుళ్ళో పులిహోర పెడితే కళ్ళకద్దుకుని తింటావా, టిష్యూలో చుట్టి పారేస్తావా? జ్వరమొచ్చింది, ఈ వారం వద్దని అమ్మమ్మ అంటే మానగలవా? శాకాహారమూ ఇంతే. పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లో ఉన్నదా, లేక ఈ ఆరు నెలల్లో గుడ్డు, పాలు, నెయ్యి ఒక్కొక్కటిగా జారిపోయాయా? జవాబు వార్డులో ఆమెకు పెట్టే భోజనాన్ని కూడా మారుస్తుంది.

మంచం పక్కన చెయ్యాల్సిన పని ఇంకోటుంది, దానికి పది నిమిషాలు చాలు. అమ్మాయిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి నాడి, బీపీ చూడాలి. లేచి నిలబడ్డాక మళ్ళీ చూడాలి. మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 లోపుంటే కౌమార వైద్యుల సంఘం లెక్కన ఆసుపత్రిలో చేర్చుకోవలసిన స్థితి. నాట్యం చేసే పిల్ల కదా, గుండె బలంగా ఉండి నాడి తగ్గిందనుకోవటం బాగా తెలిసిన పొరపాటు. చేతుల ఊతం లేకుండా గొంతుక్కూర్చుని లేవమనాలి. అరచేతుల చల్లదనం, వేళ్ళ కణుపుల మీద పంటి గాట్లు, దవడ కింద గ్రంథుల వాపు, వెన్ను మీద నూగు చూడాలి. నెలసరి ఆగి ఎన్నాళ్ళయిందో అమ్మ లేనప్పుడు అడగాలి. ఇక "రక్తం రిపోర్టులు నార్మల్" అన్న మాట మీద కుర్ర డాక్టర్లు పెట్టుకునే నమ్మకాన్ని మొదటి రోజే విరగ్గొట్టాలి. గుండె ఆగే ముందురోజు దాకా పొటాషియం నార్మల్‌గా ఉన్నవాళ్ళున్నారని ఈ రంగంలో ఏ పెద్దనడిగినా చెబుతారు.

ఈ పిల్ల చిక్కి ఉంది కాబట్టి కనీసం ఎవరో ఒకరు కంగారుపడ్డారు. ఎడిసన్‌లో ఇంకా ప్రమాదకరమైన కేసు చిక్కని పిల్లది. మనవాళ్ళలో షుగర్ ఎక్కువ. ఆసియావాళ్ళకు బీఎంఐ 23 నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో చెప్పారు. పిల్లల డాక్టరు గ్రోత్ చార్టు చూపించి కొంచెం తగ్గించమంటాడు. ఇంట్లో ఒకరు ఉప్పూ నూనె లేని కూరల మీదున్నారు, ఒకరు కొబ్బరినూనె డైట్ చేసి వదిలేశారు, ఇండియా నుంచి ఫోన్ చేసిన పెద్దమ్మ వీడియో కాల్లో మొదటి మాటే "ఒళ్ళు చేశావే" అంటుంది. ఆ అమ్మాయి పదిహేను కిలోలు తగ్గితే ఊరంతా మెచ్చుకుంటుంది, డాక్టరుతో సహా. మెల్‌బోర్న్‌లో చికిత్సకొచ్చిన పిల్లల మీద 2016లో వచ్చిన అధ్యయనం ఈ విషయం మీద చెంప చెళ్ళుమనిపిస్తుంది. బరువు చార్టులో మామూలుగా కనిపించే ఎటిపికల్ అనొరెక్సియా పిల్లలు సగటున 17.6 కిలోలు తగ్గి వచ్చారు. చూడగానే అనొరెక్సియా అనిపించే పిల్లలు తగ్గింది 11 కిలోలే. నాడి పడిపోయినవాళ్ళు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానమే. కాబట్టి రెసిడెంటు రాయాల్సింది ఈ రోజు బరువొక్కటే కాదు, ఎక్కడినుంచి ఎంతకాలంలో ఎంతకు దిగిందీ అన్న గీత.

మగపిల్లలదీ ఇదే కథ, మాటలే వేరు. ప్రొటీన్, కటింగ్, సిక్స్ ప్యాక్. 2007లో 'దేశముదురు' వచ్చినప్పటినుంచి మన హీరోల పొట్టమీద కండలు లెక్కపెట్టటం ఒక ఆటైపోయింది. హీరోయిన్ల బరువు లెక్కపెట్టటం అంతకుముందే ఉంది. 2015లో 'సైజ్ జీరో' కోసం అనుష్క బరువు పెరిగితే, సినిమా చెప్పిన కథ కంటే ఆమె మళ్ళీ ఎప్పుడు తగ్గుతుందన్న చర్చే ఎక్కువ నడిచింది. అదే ఏడాది జూన్‌లో, ఇదే న్యూజెర్సీలో పుట్టి పెరిగిన ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళకే అట్లాంటిక్ సిటీలో కన్నుమూసింది. కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకుందని వార్తలొచ్చాయి. ఆమెది ఈటింగ్ డిజార్డర్ అనే హక్కు ఎవరికీ లేదు. ఆమె బరువు గురించి మన పత్రికలు రాసిన రాతలు మాత్రం ఎడిసన్‌లో పెరిగే ఆడపిల్లలు చదవకపోయినా వాళ్ళ అమ్మలు చదివారు.

"ఇది తెల్లవాళ్ళ జబ్బు, మనపిల్లలకు పాశ్చాత్య గాలి సోకి వస్తోంది" అన్న మాట డాక్టర్ల నోటా వినపడుతుంది. దీనికి ఎదురు సాక్ష్యం 1988 నుంచీ ఉంది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో డేవిడ్ మంఫర్డ్ బృందం స్కూలు పిల్లల్ని పరీక్షిస్తే, అదుపులేకుండా తిని వాంతి చేసుకోవటం వంటి పనులకు దిగే బులీమియా దక్షిణాసియా అమ్మాయిల్లో 3.4 శాతం, తెల్ల అమ్మాయిల్లో 0.6 శాతం తేలింది. ఇంకా ఆశ్చర్యం, 1991లో వాళ్ళే లోతుగా చూస్తే, ఈ జబ్బుల ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులొచ్చింది ఇంగ్లీషు పద్ధతులకు అలవాటుపడ్డ ఇళ్ళ పిల్లలకు కాదు, సంప్రదాయాన్ని గట్టిగా పట్టుకున్న ఇళ్ళ పిల్లలకు. ఇంటా బయటా రెండు రకాలుగా బతకాల్సిరావటం దీని వెనక ఉందేమోనని ఊహ. ఒక ఊళ్ళో చేసిన చిన్న అధ్యయనం, దాన్ని ఎడిసన్‌కు ఉన్నదున్నట్టు అతికించలేం. కానీ కుటుంబం సంప్రదాయమైనదని విని రెసిడెంటు నిశ్చింతపడటానికి మాత్రం వీల్లేకుండా చేసింది. హాంకాంగ్‌లో సింగ్ లీ 1993లో 70 మంది రోగుల మీద రాసిన వ్యాసం ఇంకో పక్క నుంచి పొడిచింది. వాళ్ళలో చాలామంది లావవుతామన్న భయమే చెప్పలేదు, కడుపుబ్బరమనీ ఆకలి లేదనీ చెప్పారు. మానసిక జబ్బులను నిర్వచించే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5, 2013లో వచ్చినప్పుడు, ఈ భయాన్ని నోటితో ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, బరువు పెరగకుండా అడ్డుపడే నడత ఉంటే చాలునని సడలించింది, నెలసరి ఆగాలన్న షరతూ తీసేసింది. చాలా ఎమర్జెన్సీ గదుల్లో మాత్రం పాత ప్రశ్నలే నడుస్తున్నాయి.

పక్షపాతం ప్రశ్నల్లోనే కాదు, చూసే కళ్ళలోనూ ఉంది. 2006లో ఒక అమెరికన్ బృందం మేరీ అనే కల్పిత అమ్మాయి డైరీని చికిత్సకులకిచ్చింది. డైరీ ఒకటే, జాతి పేరు మాత్రం మార్చారు. మేరీ తెల్లమ్మాయైతే 44 శాతం మందికి ఆమె తిండి నడత తేడాగా అనిపించింది, హిస్పానిక్ అయితే 41 శాతానికి, నల్లమ్మాయైతే 17 శాతానికి. మేరీకి దక్షిణాసియా పేరు పెడితే ఎంత వచ్చేదో ఆ పరీక్షలో అడగలేదు. శిక్షణా కేంద్రంలో ఎవరైనా ఒక మధ్యాహ్నం తమ రెసిడెంట్లకు ఇచ్చి చూడొచ్చు, ఖర్చేమీ లేదు.

ఇండియా వైపు నుంచి చూస్తే చిక్కు ఇంకోలా ఉంది. న్యూజెర్సీ సైకియాట్రీ శిక్షణలో విదేశాల్లో చదివొచ్చిన డాక్టర్లు తక్కువేం కాదు, వాళ్ళలో గుంటూరు, వరంగల్, కర్నూలు కాలేజీల పిల్లలూ ఉంటారు. అక్కడి ఎంబీబీఎస్‌లో మానసిక వైద్యానికి దొరికేది కొద్ది వారాలే. ఎర్రగడ్డలో గానీ విశాఖలోని మానసిక వైద్యశాలలో గానీ ఎండీ చేసినవాళ్ళకు ప్రతిరోజూ కనపడేది సైకోసిస్, మద్యం, మూర్ఛ, ఆత్మహత్యాయత్నం. అనొరెక్సియా వస్తే కడుపు డాక్టరు దగ్గరికో ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికో పోతుంది. కనపడదు కాబట్టి లేదు, లేదు కాబట్టి నేర్పరు, నేర్పరు కాబట్టి కనపడదు. చెన్నైలో శ్రీనివాసన్ బృందం 1998లో 210 మంది వైద్య విద్యార్థుల్ని పరీక్షించి 14.8 శాతం మందిలో ఈటింగ్ డిస్ట్రెస్ అని వాళ్ళు పేరుపెట్టిన స్థితి కనుక్కున్నారు. పూర్తి స్థాయి జబ్బు కాదది, కానీ తిండి విషయంలో నలుగుతున్న మనసు. రోగులు ఎక్కడున్నారని వెతుకుతున్న వైద్య కళాశాలలో, తరగతి బెంచీల మీదే కొందరున్నారన్నమాట. 2012లో బెంగుళూరులో 66 మంది సైకియాట్రిస్టుల్ని అడిగితే మూడింట రెండు వంతుల మంది కనీసం ఒక్క ఈటింగ్ డిజార్డర్ కేసైనా చూశామన్నారు.

బ్రిటన్ ఇదే పాఠాన్ని చావుల ద్వారా నేర్చుకుంది. ఏవరిల్ హార్ట్ అనే 19 ఏళ్ళ విద్యార్థిని 2012 డిసెంబరులో అనొరెక్సియాతో చనిపోయింది. ఆమెతోపాటు మరికొందరి విషయంలో ఎక్కడెక్కడ ఎవరెవరు గమనించలేదో 2017లో అక్కడి ఆరోగ్య అంబుడ్స్‌మన్ నివేదిక ఒక్కొక్కటిగా బయటపెట్టింది. జూనియర్ డాక్టర్ల శిక్షణ సంగతి తేల్చమన్నది అందులో మొదటి సిఫారసుల్లో ఒకటి. మరుసటి ఏడు అక్కడి పరిశోధకులు ఆగ్నెస్ ఐటన్, అలీ ఇబ్రహీం లెక్కతీశారు. వైద్య కళాశాల చదువంతటిలో ఈ జబ్బుల మీద పాఠం సగటున రెండు గంటల లోపు, ఐదింట ఒక కళాశాలలో అదీ లేదు. 2022 మేలో సైకియాట్రిస్టుల రాయల్ కాలేజీ ప్రమాద సూచికలను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పట్టికగా అందరు డాక్టర్ల చేతికీ ఇచ్చింది. రాత్రి రెండింటికి ఫోన్లో సీనియర్ దొరకని కుర్ర డాక్టరుకు పుస్తకం కంటే ఆ ఒక్క పేజీ నయం. ఎడిసన్ ఆసుపత్రుల గోడల మీదా అది ఉండాల్సిందే.

గుర్తుపట్టటం అయింది. వైద్యం నేర్పటం ఇంకా కష్టం, ఎందుకంటే ఇక్కడ మందుల పాత్ర తక్కువ. అనొరెక్సియాకు అమెరికాలో అనుమతి పొందిన మందే లేదు. బులీమియాకు ఫ్లుయోక్సెటిన్ రోజుకు 60 మిల్లీగ్రాములు, అదుపులేకుండా తినే బింజ్ ఈటింగ్‌కు 2015 నుంచి లిస్‌డెక్సామ్‌ఫెటమిన్, అంతే. చెయ్యకూడనిది మాత్రం ఒకటి ప్రతి రెసిడెంటుకూ కంఠతా రావాలి. దిగులుగా ఉందని వచ్చిన కాలేజీ అమ్మాయి "బరువు పెరగని మందివ్వండి" అంటే చెయ్యి సహజంగా బ్యుప్రోపియాన్ వైపు పోతుంది. ఆమె చాటుగా వాంతులు చేసుకుంటుంటే ఆ మందుతో ఫిట్స్ రావొచ్చు, అందుకే అనొరెక్సియా, బులీమియా ఉన్నవాళ్ళకు అది నిషిద్ధం. తిండి గురించి నాలుగు ప్రశ్నలు అడగకుండా ఆ చీటీ రాయకూడదు.

పిల్లల అనొరెక్సియాకు ఇప్పటికి బలమైన ఆధారమున్నది కుటుంబం చేత చేయించే చికిత్స. లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో మొదలై, 1987లో జెరాల్డ్ రస్సెల్ బృందం ప్రయోగంతో నిలబడింది. జేమ్స్ లాక్, డేనియల్ లె గ్రాంజ్ 2010లో 121 మంది మీద చేసిన పరీక్షలో, చికిత్స ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకున్నవాళ్ళు కుటుంబ పద్ధతిలో 49 శాతం, పిల్లతో విడిగా కూర్చుని చేసిన పద్ధతిలో 23 శాతం. దీని రెండో సిట్టింగే అసలు పరీక్ష. ఇంటి నుంచి భోజనం తెమ్మంటారు, డాక్టరు గదిలోనే తినాలి. మన ఎడిసన్ కుటుంబం స్టీలు క్యారియరుతో వస్తుంది. అన్నం, ముద్దపప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. అమ్మ రెండు గరిటెలు పెట్టి ఆగి కూతురి మొహం చూస్తుంది. నాన్న ఫోన్ చూసుకుంటున్నాడు. ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మ తట్టుకోలేక "చిన్నతల్లీ, నాకోసం ఒక్క ముద్ద" అని కలిపి నోటి దాకా తెస్తుంది, పిల్ల మొహం తిప్పేసుకుంటుంది. ఇప్పుడు అమ్మ ఏడుస్తుంది, నాన్నకు కోపమొస్తుంది. రెసిడెంటుకు చెమటలు. ఆ గదిలో ఏం చెయ్యాలో ఏ స్లైడూ నేర్పదు.

చెయ్యాల్సింది ఇది. కుర్చీలు మార్చి అమ్మానాన్నల్ని పిల్లకు చెరోపక్కా కూర్చోబెట్టాలి. బతిమాలొద్దు, తిట్టొద్దు, క్యాలరీల చర్చకు దిగొద్దు, ఇద్దరూ ఒకే మాట చెప్పండని నేర్పాలి. నాన్న చేత ఫోన్ పక్కన పెట్టించాలి. "అమ్మమ్మగారూ, మీ ముద్ద ఆమెకు ఇష్టమే, కానీ ఇవాళ పెట్టాల్సింది వాళ్ళిద్దరూ" అని ఆమె మనసు నొచ్చుకోకుండా చెప్పాలి. పిల్ల తాను తిందామనుకున్నదానికంటే ఒక్క ముద్ద ఎక్కువ తింటే ఆ పూటకు గెలిచినట్టు. ఉమ్మడిగా అన్నం పెట్టే అలవాటున్న మన ఇళ్ళకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుందని కొందరంటారు. నాకంత ధీమా లేదు. మన ఇళ్ళలో అన్నం పెట్టే చేతులెక్కువ, నిర్ణయం చెప్పే గొంతూ ఒక్కటి కాదు. నాన్న వారంలో నాలుగు రోజులు క్లయింటు దగ్గర, అమ్మకు హెచ్-4 డిపెండెంటు వీసా మీద దొరికిన కొత్త ఉద్యోగం, మధ్యాహ్నం లంచ్‌కు స్కూల్లో ఎవరు కూర్చోవాలి? ఈ లెక్కలు మొదటి రోజే వేసుకోకపోతే మూడో వారానికి కుటుంబం రావటం మానేస్తుంది.

శరీరం పక్క కూడా అంతే జాగ్రత్తగా నేర్పాలి. పస్తుల తర్వాత ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండె లయ తప్పొచ్చు, కాబట్టి మొదటి రోజుల్లో పరీక్షలు, థయమిన్ తప్పవు. ఆ భయంతోనే ఒకప్పుడు మరీ తక్కువతో మొదలుపెట్టి రోగిని ఇంకా క్షీణింపజేసేవాళ్ళు. కాలిఫోర్నియాలో చేసి 2020లో ప్రచురించిన పోలికలో, రోజుకు 2000 క్యాలరీలతో మొదలుపెట్టిన పిల్లలు 1400తో మొదలుపెట్టినవాళ్ళకంటే త్వరగా కుదురుకున్నారు, లవణాల తేడాలూ పెరగలేదు. ఆసుపత్రి కాపలా ఉన్నచోట మాటది. ఇంటికి పంపిన పిల్లకు వర్తించదు.

పెద్దవాళ్ళ బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు ఆధారమున్నది క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తీర్చిదిద్దిన సీబీటీ, అంటే ఆలోచననూ నడతనూ మార్చే మాటల చికిత్స. దాన్ని ఆన్‌లైన్లో నేర్పి ఐర్లండులో దేశవ్యాప్తంగా పరీక్షిస్తే చికిత్సకుల నైపుణ్యం మార్కులు బాగానే పెరిగాయి. గ్లెన్ వాలర్ బృందం పది సిట్టింగులకు కుదించిన రూపాన్ని ఇంకా శిక్షణలో ఉన్న చికిత్సకులు కూడా గట్టి పర్యవేక్షణ కింద చక్కగా చెయ్యగలిగారు. అదే వాలర్ ఎన్నాళ్ళగానో పెట్టే ఫిర్యాదు ఇంకోటి. నేర్చుకున్నవాళ్ళు రోగి నొచ్చుకుంటుందని బరువు చూడటం మానేస్తారు, తిండి డైరీ అడగటం మానేస్తారు, చివరికి కబుర్లు మిగులుతాయి. అందుకే వీడియో చూసి సర్టిఫికెట్ తెచ్చుకోవటం కంటే, సిట్టింగ్ టేపు సీనియరుకు వినిపించి చీవాట్లు తినటం ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. అనుభవం తక్కువున్నవాళ్ళకే ఈ రోగుల మీద విసుగు ఎక్కువని కూడా అధ్యయనాలంటున్నాయి. "కావాలని చేస్తోంది" అని రెసిడెంట్ల గదిలో వినపడే మాటను దులిపెయ్యాల్సిన చోటు అదే.

తెలుగు రెసిడెంటు సంగతి వేరే చెప్పాలి. అతన్ని చూడగానే ఆ అమ్మ "బాబూ, మీదేవూరు?" అంటుంది, తలుపు సగం తెరుచుకున్నట్టే. కానీ అతనూ "తిను, తిను" అని పెంచిన ఇంటినుంచే వచ్చాడు, "సన్నగా ఉంటే అందం" అన్న ఊళ్ళోనే పెరిగాడు. కుటుంబానికి ఏది మామూలో అతనికీ అదే మామూలు, కనుక ఏదీ తేడాగా కనపడకపోవచ్చు. పైగా ఆసుపత్రివాళ్ళు అతన్ని డాక్టరుగా కాక దుబాసీగా వాడేసుకుంటారు. పర్యవేక్షించే సీనియరు ఈ రెండూ మొదటి వారమే ఎత్తి మాట్లాడాలి. అర్హత ఉన్న దుబాసీని ఫోన్ మీద పిలవటం, అన్నయ్యనో మేనమామనో అనువాదకుడుగా కూర్చోబెట్టకపోవటం, పిల్లతో పది నిమిషాలైనా ఒంటరిగా మాట్లాడటం, ఇవి అతనికీ వర్తిస్తాయి. ఆ అమ్మాయికి ఇంగ్లీషే ఇంటి భాష కావచ్చు. తెలుగు కావలసింది అమ్మమ్మతో.

న్యూజెర్సీలో వాసుదేవ్ మఖీజా స్థాపించిన సామ్‌హిన్ వంటి దక్షిణాసియా మానసికారోగ్య సంస్థ ఉంది, గుళ్ళూ తెలుగు సంఘాలూ ఉన్నాయి. వాటి ఆరోగ్య శిబిరాల్లో షుగర్, బీపీ చూస్తారు. అక్కడ కూర్చున్న రెసిడెంటు స్కాఫ్ అనే ఐదు ప్రశ్నల పరీక్ష పెట్టొచ్చు, 1999 నుంచీ ఉన్నదే. రెండింటికి అవునంటే ఇంకా అడగాలి. ప్రతి శిబిరంలోనూ బరువు తగ్గమని చెప్పే బల్ల ఒకటుంటుంది, ఈ బల్ల దాని పక్కనే పెడితే మంచిది.

రాష్ట్రం చెయ్యగలిగిందీ, శిక్షణా కేంద్రాలు రేపే చెయ్యగలిగిందీ ఒకటుంది. సోమర్‌సెట్ వార్డుకు ఎడిసన్ చుట్టుపక్కల రెసిడెంట్లందరినీ రెండో ఏడాదిలో నాలుగు వారాలు పంపటం. నాలుగు వారాలూ వార్డే చూస్తే ఈ జబ్బంటే గొట్టం ద్వారా ఆహారం, తాళం వేసిన బాత్రూమ్ అన్న భ్రమ మిగులుతుంది. కనుక దానితోపాటు అవుట్ పేషెంట్ ఏడాదిలో కనీసం రెండు కుటుంబాల్ని మొదటి సిట్టింగ్ నుంచి చివరిదాకా తనే చూడాలి, టేపు సీనియరు వినాలి. ఇన్సూరెన్సు చెల్లించదన్న అభ్యంతరం వస్తుంది. రోగికిచ్చే చికిత్సకు చెల్లిస్తుంది, సీనియరు టేపు వినే గంటకు ఎవరూ చెల్లించరు. శిక్షణ బడ్జెట్లో ముందుగా కోతపడేదీ అదే.